వేలిముద్రకు జానెడు పైన

(బళ్ళారి జిల్లా తోరణగల్లులో జరిగిన సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసం, ముద్రిత పాఠం)



ఈరోజు మనం తలుచుకుంటున్న పెద్దమనిషిని ఈ ఊళ్ళో పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన పోస్టుమాస్టరుగారే. తన పేరు మీద ఏదైనా చేస్తే ఆ పేరును ఊదరగొట్టవద్దని ఇంట్లోవాళ్ళకు చెప్పి పోయారట. ఆ మాట మన్నించి నేనూ పోస్టుమాస్టరుగారనే అంటాను.

1971లో ఇందిరాగాంధీ వచ్చి ఇక్కడ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసి వెళ్ళారు. ఆ రాయి ఏళ్ళ తరబడి రాయిగానే ఉండిపోయింది. 1994లో జిందాల్ కంపెనీ వచ్చాక ఊరి రూపం మారింది. మట్టిపనికి, కాంక్రీటు పనికి అనంతపురం, కర్నూలు, పాలమూరు పల్లెల నుంచి మనవాళ్ళు దిగారు. వెనకాలే బీహార్, ఒడిశా, జార్ఖండ్ కుర్రాళ్ళు వచ్చారు. శనివారం కూలి డబ్బు చేతిలో పడితే సోమవారం పోస్టాఫీసు ముందు వరస. మనియార్డరు ఫారం నింపలేనివాళ్ళే ఎక్కువ. ఆయనే నింపేవారు, ఆయనే వాళ్ళ చెయ్యి పట్టుకుని బొటనవేలు ఇంకుప్యాడు మీద అద్ది, కాగితం మీద నొక్కించేవారు. తన సర్వీసులో ఎన్ని వేల చేతులు పట్టుకుని ఉంటారో!

ఒకసారి నాతో అన్నారు: "వేలిముద్ర వేయిస్తుంటే నా కన్ను ఎప్పుడూ జానెడు పైకి పోయేది. అక్కడ అక్షరాలుండేవి."

ఈ ఉపన్యాసం ఆ జానెడు దూరం గురించి.

ఆయన చెప్పిన ఒక సంగతి చెప్తాను. ఒక ఆడమనిషి ఊళ్ళో మంచాన పడ్డ మొగుడికి డబ్బు పంపాలని వచ్చింది. "ఎవరి పేరుకమ్మా?" అన్నారు ఈయన. ఆమె పలకదు. వెనక వరసలోవాళ్ళు విసుక్కుంటున్నారు. మళ్ళీ అడిగారు. ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుని, ఎడమ ముంజెయ్యి తిప్పి, కౌంటరు చెక్క మీద పెట్టింది. మోచేతి మడతకు కాస్త కింద పచ్చబొట్టుతో మూడు అక్షరాలు. మొగుడి పేరు నోటితో అనకూడదు, చెయ్యి చూపించడానికి అడ్డేమీ లేదు. ఈయన వంగి చదివారు. మధ్య అక్షరం కింది ఒత్తు చర్మం సాగి పక్కకు జారింది. "ఇది ఫలానా పేరేనా?" అని పైకి చదివితే ఆమె తలూపింది. ఫారం నిండింది. తర్వాత అదే చేతి బొటనవేలు పట్టుకుని, 'చదువు రానిది' అన్న లెక్కలో వేలిముద్ర వేయించారు.

ఒకే చెయ్యి. ఒక కొసన చదువు లేదనడానికి సాక్ష్యం, జానెడు పైన రాత. మనం మొదటిదాన్నే లెక్కపెట్టాం.

వేలిముద్రకు ఒక చరిత్ర ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకు కంకర తోలే కాంట్రాక్టు కాగితం మీద రాజ్యధర్ కొనాయ్ అనే ఆయన చేత అరచెయ్యి అద్దించాడు. రేపు 'ఆ సంతకం నాది కాదు' అనకుండా ఉండటానికి. అక్కడ మొదలైన అలవాటు కచేరీలకూ, జైళ్ళకూ, భూమి దస్తావేజులకూ పాకింది. దాని మూలం అపనమ్మకం. ఆ ముద్ర మీద వేసినవాడికి ఏ హక్కూ ఉండదు. అడిగినవాళ్ళ దస్త్రంలోకి పోతుంది, తిరిగి రాదు. పచ్చబొట్టును ఏ కచేరీ అడగలేదు. ఏ గుమాస్తా దానికి రసీదు ఇవ్వలేదు. ఒక మనిషి తన ఇంటి అరుగు మీద కూర్చుని, నొప్పి భరించి, సోలెడు జొన్నలు ఇచ్చి రాయించుకున్నది. అది రాయించుకున్నవాళ్ళ దగ్గరే ఉంటుంది.

1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యులు నూటికి 18.33, ఆడవాళ్ళలో 8.86. ఆ లెక్క తప్పని నేను అనను. చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యత అన్నారు, ఆ కొలతకు ఆ లెక్క సరే. కానీ ఆ కొలతకు అందని ఒక సంబంధం ఉంది. చదవడం రాని మనిషికి కూడా అక్షరం కావాలనిపించింది. తన మనిషి పేరు ఫలానా ఆకారంలో ఉంటుందని తెలుసు, ఆ ఆకారం తనదని తెలుసు, అవసరం వచ్చినప్పుడు దాన్ని చూపించి పని జరుపుకోవడం తెలుసు. అక్షరంతో ఇంత వ్యవహారం నడిపిన మనిషిని నిరక్షరాస్యురాలని ఒక్క మాటలో తీసేయడానికి నాకు మనసొప్పదు.

ఇక రాసే చెయ్యి గురించి. ఎరుకల ఆడవాళ్ళు. సరిహద్దుకు అటు ఆంధ్రలో ఎరుకలవాళ్ళంటారు, ఇటు కర్ణాటకలో కొరచ, కొరమ అంటారు. బుట్టలు అల్లడం, ఎరుక చెప్పడం, పచ్చబొట్టు పొడవడం వాళ్ళ పనులు. కోతలు అయ్యి, గాదెలో గింజలు పడ్డాక ఊళ్ళ మీదికి వచ్చేవాళ్ళు. ఆ సిరా తయారీని మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉన్న ఎడ్గర్ థర్స్టన్ వంద ఏళ్ళ కిందటే వివరంగా రాసిపెట్టాడు. పసుపూ అవిసె ఆకూ కలిపి నూరి, పల్చని గుడ్డకు పట్టించి వత్తి చేస్తారు. ఆముదం దీపంలో ఆ వత్తి వెలిగించి, పైన కొత్త కుండ బోర్లిస్తారు. మనిళ్ళల్లో కాటుక పట్టినట్టే. కుండ లోపల పట్టిన మసిని గీకి, తల్లిపాలతోనో నీళ్ళతోనో కలుపుతారు. కుట్టు సూదులు మూడో నాలుగో దారంతో కలిపి కడితే అదే కలం.

చెయ్యిని తన మోకాలి మీద పరుచుకుని, ఎడమ బొటనవేలితో చర్మాన్ని బిగలాగి, పాట పాడుతూ పొడుస్తుంది. పాట నొప్పి మరిపించడానికి. పొడిచిన మేర నెత్తురు తుడిచి మసి రుద్దుతుంది, పైన పసుపు అద్దుతుంది. వాపు తగ్గి, పొక్కు ఊడితే కింద అక్షరం తేలుతుంది. వేసింది నల్ల మసే అయినా పచ్చగా కనిపిస్తుంది. పైన చర్మపు పొర ఉంది కదా, వెలుగు అందులో చెదిరి వచ్చేసరికి ఆ రంగు.

ఈ పని చూసినవాళ్ళకు తాటాకు గుర్తుకు రాక మానదు. తాటాకు మీద గంటం సిరాతో రాయదు, ఆకును గీస్తుంది. గీసిన ఆకు మీద మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది, అప్పుడు చదవగలం. పొడిచి మసి పూయడం, గీసి మసి పూయడం, రెండూ ఒకే విద్య. సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి ఆకులు వెతికించి నకళ్ళు రాయించాడు. అందుకు తెలుగువాళ్ళం ఆయనకు రుణపడి ఉన్నాం. అదే కాలంలో అదే సీమలో చేతుల మీద రాత జరుగుతూనే ఉంది. ఆ చేతులకు నకలు లేదు.

ఇంకొక తేడా ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. తాటాకు గ్రంథం చివర రాయసగాడు చాలాసార్లు తన పేరు, ఊరు, తిథి రాసుకున్నాడు. తప్పులుంటే మన్నించమని వేడుకున్నాడు. అతనెవరో మనకు తెలుసు. చేతుల మీద రాసిన ఎరుకలామె ఎవరో మనకు తెలియదు. తెలియకపోగా, ఆమె జాతి మొత్తాన్ని నేరస్థుల జాతి అన్నారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగలుగా రిజిస్టర్లకెక్కించి, వేలిముద్రలు తీసుకుని, స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో రోజూ హాజరు పలికించారు. ఊరూరా తిరిగి రాసే మనిషిని ఊరు దాటడానికి అనుమతి చీటీ అడిగారు. 1952లో ఆ చట్టం పోయింది. ఇప్పుడు ఆంధ్రలో వాళ్ళు ఎస్టీలు, కర్ణాటకలో కొరచ, కొరమ ఎస్సీలు. రాష్ట్రం గీత దాటితే పట్టిక మారుతుంది, చుట్టరికాలు మారవు. పోస్టుమాస్టరుగారి జానెడు దూరం ఇక్కడ మరీ క్రూరంగా కనిపిస్తుంది. ఇతరుల ముంజేతుల మీద పేర్లు రాసిపెట్టిన ఆడవాళ్ళ నుంచి ప్రభుత్వం తీసుకున్నది వేలిముద్రలు.

వాళ్ళలో చాలామందికి చదువు రాదు. పొడిపించుకునేవాళ్ళు కాగితం ముక్క మీద పంతులుతోనో, బడికి పోయే పిల్లాడితోనో పేరు రాయించి ముందు పెట్టేవాళ్ళు. ఆమె దాన్ని బొమ్మలా చూసి దించేది. రాయించుకునేవాళ్ళకూ రాదు, రాసేవాళ్ళకూ రాదు, పేరు మాత్రం దిగింది. అందుకే ముసలమ్మల చేతుల మీద తలకట్టు విడిపోయి చుక్కలా నిలబడటం, గుడి దీర్ఘం ఏదో తెలియకపోవడం, సున్న అక్షరం నెత్తిన కూర్చోవడం చూస్తాం. బళ్ళారి సీమలో ఇంకొక చిత్రం. తెలుగు లిపికీ కన్నడ లిపికీ చాలాచోట్ల తేడా తలకట్టులోనే ఉంటుంది. సూదితో పొడిచిన తలకట్టు పదేళ్ళకే అలుక్కుపోతుంది. 'రంగ' అని ఉన్న చెయ్యి చూపించి ఇది తెలుగా కన్నడమా అని అడిగితే నేను చెప్పలేను, ఆ చేతి మనిషికి ఆ ప్రశ్నే పట్టదు. 1953లో బళ్ళారి మైసూరుకు పోవాలా, ఆంధ్రకు రావాలా అని మన పెద్దలు లిపులు, లెక్కలు పట్టుకుని వాదించుకున్నారు. ఈ చేతులను ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు.

ఈ జిల్లాలో చుక్క చుక్కగా పొడిచి రాయడం కొత్త సంగతి కాదు. సంగనకల్లు పక్కన కప్పగల్లు కొండ మీద నల్లరాతిని రాతితోనే దెబ్బ దెబ్బగా కొట్టి తీర్చిన ఎద్దులున్నాయి, 1892లో ఫాసెట్ అనే దొర వాటి గురించి లోకానికి చెప్పాడు. సిరుగుప్ప వైపు నిట్టూరు, ఉడేగోళం బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, అతని సొంత పేరుతో. రాజు రాయించుకుంటే శాసనమని కంచె వేసి కాపాడుతున్నాం. మంచిదే, కాపాడాలి.

ఇక చేతుల మీది రాత దగ్గరికి వస్తే, మన జానపద పరిశోధన పచ్చబొట్టును పట్టించుకోలేదని అనను. అయితే ఎక్కువగా బొమ్మల వెంట పోయింది. తులసికోట, తేలు, నామాలు, గడ్డం మీద మూడు చుక్కలు, నుదుటి మీద బొట్టు. వాటికి అర్థాలు రాశారు, పట్టికలు వేశారు. పేర్లు వచ్చేసరికి ఇది కొత్త అలవాటు, ఇందులో సంప్రదాయం లేదని దాటేశారు. నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది. తేలు అందరిది. పేరు ఒక్కరిది. తేలు పొడిపించుకున్నప్పుడు ఆమె తన కులాచారంలో ఒకతె, పేరు పొడిపించుకున్నప్పుడు తనకంటూ ఒక మాట చెప్పుకుంటున్నది.

అన్నీ ఇష్టంతో జరిగాయని అనడం అబద్ధమవుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లను నలుగురు పట్టుకుని పొడిపించిన ఇళ్ళున్నాయి. మొగుడి పేరు అత్తగారి బలవంతాన వేయించుకున్నవాళ్ళున్నారు. సండూరు సంతలో గాజుల దుకాణం దగ్గర ఒక పెద్దావిడ చెయ్యి చూశాను. ముంజేతి మీద ఆకులు, మొగ్గలు ఉన్న తీగ. దగ్గరగా చూస్తే ఆకుల నడుమ ఒక గుండ్రని అక్షరం పొట్ట, ఒక కొమ్ము కనిపించాయి. అడిగాను. "వదిలేసి పోయినాడు నాయనా. పేరేం చేసుకోను? తీగ పెట్టించుకున్న్యా," అంది. తుడిచేయడానికి వీల్లేనిచోట ఆమె దిద్దుబాటు చేసింది. రాతలో ఇంతకంటే తెలిసిన పని ఏముంటుంది?

ఇప్పుడు సూదుల కట్ట పోయింది, మిషను వచ్చింది. ఆ మిషను పుట్టుక కూడా రాతలోనే. థామస్ ఎడిసన్ 1876లో పేటెంటు తీసుకున్న ఎలక్ట్రిక్ పెన్ను ఆఫీసు కాగితాలకు నకళ్ళు తీయడానికి చేసింది. సూది చకచకా ఆడుతూ కాగితానికి బెజ్జాలు వేస్తుంది, ఆ బెజ్జాల గుండా సిరా రుద్దితే కింద నకలు పడుతుంది. న్యూయార్కులో శామ్యూల్ ఒరైలీ దాన్నే మార్చి 1891లో పచ్చబొట్టు మిషనుకు పేటెంటు పొందాడు. అంటే మన జాతరల్లో బ్యాటరీకి తగిలించి గుయ్యిమనిపించే ఆ పనిముట్టు ఒకప్పటి గుమాస్తా కలం.

దానితో మన పిల్లలు ఏం రాయించుకుంటున్నారో చూడండి. 'అమ్మ'. ఆ తర్వాత నాన్న పేరు, పుట్టిన బిడ్డ పేరు, తేదీ. 2021 అక్టోబరు 29న కన్నడ సినిమా హీరో పునీత్ రాజ్‌కుమార్ పోయాక ఈ చుట్టుపక్కల ఎన్ని చేతుల మీద 'అప్పు' అన్న పేరు దిగిందో మీ కళ్ళతో చూశారు. పెద్దవాళ్ళు దీన్ని ఫ్యాషనంటారు. నేనలా అనను. వాట్సాప్‌లో పొద్దున పెట్టిన మాట సాయంత్రానికి ఎక్కడుందో తెలియని కుర్రాడు, ఒక్క మాటను మాత్రం ఎప్పటికీ తీసేయలేనిచోట పెట్టుకుంటున్నాడు. వాళ్ళమ్మమ్మ అక్షరం రాక చేసిన పనిని వీడు అక్షరాలు మరీ ఎక్కువై చేస్తున్నాడు.

ఒక సంగతి ఇక్కడి తల్లిదండ్రులకు చెప్పాలి. ఇటునుంచి చాలామంది పిల్లలు ఆర్మీ సెలెక్షన్లకు పోతారు. శాశ్వత పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపు, మోచేతి నుంచి మణికట్టు దాకా, లేదా అరచేతి వెనక ఉంటేనే సైన్యం ఒప్పుకుంటుంది. ఇంకెక్కడున్నా కష్టం. గిరిజన అభ్యర్థులకు మాత్రం వాళ్ళ ఆచారాన్నిబట్టి మినహాయింపు ఉంది. పరుగు పాసై పచ్చబొట్టు దగ్గర ఆగిపోయిన పిల్లలు లేజరుతో తీయించుకోవడానికి విడతలు విడతలుగా డబ్బు పోస్తున్నారు. భుజం మీద రాయించుకునే ముందు ఈ మాట పిల్లల చెవిన వేయండి. జాతరలో సూది మార్చకుండా వరసగా పొడిచే చోటికి పోనివ్వకండి. కామెర్లు, ఎయిడ్స్ అంటే తమాషా కాదు. రక్తదానానికి కూడా పచ్చబొట్టు వేయించుకున్నాక ఏడాది ఆగమంటున్నారు.

పచ్చబొట్టు ఎందుకు చెరగదో ఈ మధ్యే సరిగా తెలిసింది. చర్మంలో పరాయి పదార్థాన్ని మింగే కణాలుంటాయి, వాటిని మాక్రోఫేజ్‌లంటారు. మసి రేణువును అవి మింగి పట్టుకుంటాయి, అరిగించుకోలేవు. ఆ కణానికీ ఆయుష్షు తీరుతుంది. చచ్చిపోతూ రేణువును వదిలితే, పక్కన కొత్తగా పుట్టిన కణం దాన్ని మింగి అక్కడే పట్టుకుంటుంది. ఫ్రాన్స్‌లోని మార్సే శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద ఇది చూపించారు. అంటే మనం ఒకసారి రాశాక మన ఒళ్ళే దానికి నకళ్ళు తీస్తూ ఉంది. బ్రౌన్ పండితులు చేసిన పనే, పుట్టిన ప్రతి కణం చేస్తోంది. నకలు తీసిన ప్రతిసారీ అంచు కాస్త చెదురుతుంది, అందుకే ముసలితనంలో అక్షరం లావెక్కి మసకబారుతుంది.

ఆ నకలు మనిషితోనే ఆగిపోతుంది. చచ్చినా వెంట వచ్చేది పచ్చబొట్టేనని మన ముసలివాళ్ళంటారు. నిజమే, వెంట వెళ్ళిపోతుంది. కాలిపోతుంది, మట్టిలో కలుస్తుంది. ఒక్కోసారి చివరి క్షణంలో అది ఒక పని చేసి పోతుంది. పత్రికల జిల్లా పేజీలో 'గుర్తు తెలియని మృతదేహం' అనే నాలుగు వరసలు చూడండి: సుమారు వయసు, చొక్కా రంగు, ఆ వెంటనే 'కుడిచేతిపై ఫలానా పేరు పచ్చబొట్టు'. పట్టాల పక్కన దొరికిన వలస కూలీ జేబులో కాగితం లేకపోయినా, ఫోను పగిలిపోయినా, చేతి మీద ఒక ఒడియా పేరు ఉంటే అతన్ని ఏ వైపు వెతకాలో పోలీసులకు తెలుస్తుంది. పోస్టుమాస్టరుగారు ఒడియా అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకున్నది ఆ కుర్రాళ్ళ చేతుల మీదే. మనియార్డరు రాయించుకోవడానికి వచ్చినవాణ్ణి "ఇది ఏమని చదవాలి రా అబ్బాయ్?" అని అడిగి, కౌంటరు కింద పాత లెడ్జరు అట్ట మీద గీసుకునేవారు. ఎండకు చేతులు కాలి, సిమెంటుకు వేళ్ళు అరిగి, ఇప్పటి వేలిముద్ర మిషన్లు చాలామంది కూలీలను గుర్తుపట్టడం లేదు. జానెడు పైన ఉన్న పేరు మాత్రం చదవడానికి వస్తోంది.

అందుకని ఈ సభ తరఫున ఒక పని తలపెడదాం. తోరణగల్లు, సండూరు, కుడితిని చుట్టుపక్కల డెబ్బై దాటిన అమ్మమ్మలు, నానమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళ చేతులను రాసిపెట్టుకుందాం. ఫోను తీసి ఫొటో కొట్టి పోవద్దు. ముందు కూర్చోండి, అడగండి, వద్దంటే నమస్కారం పెట్టి లేవండి. మొగుడి పేరు అయితే బలవంతాన పలికించకండి, చెయ్యి చూపిస్తే మీరే చదవండి. అక్షరం ఎలా ఉందో అలాగే దించండి, జారిన ఒత్తును మీరు సరిచేయకండి. ఎందుకు వేయించుకుందో ఆమె మాటల్లోనే రాయండి, మన పుస్తకాల తెలుగులోకి మార్చొద్దు. తెలుగో కన్నడమో తేలకపోతే తేలలేదనే రాయండి. ఫొటో ఇచ్చినా దాన్ని ఎక్కడ పెట్టాలో, పెట్టకూడదో ఆమె ఇంట్లోవాళ్ళనే చెప్పనివ్వండి.

ఆ పుస్తకంలో పొడిచింది ఎవరన్న గడి ఒకటి తప్పక ఉండాలి. ఆ ఎరుకలామె పేరు గుర్తు లేకపోతే ఆమె ఏ ఊరి నుంచి వచ్చేది, ఏ పంట కాలంలో వచ్చేది, ఏం తీసుకుంది, ఏ పాట పాడింది, బిడ్డను చంకన వేసుకుని వచ్చిందా అని అడగండి. ముసలమ్మలకు ఇవి బాగా గుర్తుంటాయి. ఆ పక్క ఊరికి వెళ్తే ఆమె కూతురో మనవరాలో ఇంకా ఉండొచ్చు. వాళ్ళ గడప కూడా తొక్కండి, ఈ రాత మీ అమ్మదేనా అని అడగండి. అవునంటే ఆ గడిలో పేరు రాయండి.